ఇద్దరు స్నేహితులు కలిసి ఒకే బండి కొనుక్కుంటే ఆర్‌సీ ఎవరి పేరున ఉండాలి?

ప్రశ్న: అనంతపురం నుంచి

అందరికీ నమస్కారం. నేను, నా స్నేహితుడు అనంతపురం రుద్రంపేటలో ఒకే గదిలో అద్దెకు ఉంటున్నాము. నేను ఒక పరీక్షా కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పగటిపూట పని చేస్తాను. అతను ఒక ప్రైవేటు ఆసుపత్రి మందుల దుకాణంలో రాత్రి షిఫ్టు చేస్తాడు. సాయంత్రం నేను గదికి చేరుకున్న తరువాత అతను బయలుదేరుతాడు, తెల్లవారి అతను తిరిగి వచ్చిన తరువాత నేను వెళ్తాను. ఒకరికి బండి అవసరమైన వేళ రెండోవారు గదిలో నిద్రపోతూ ఉంటారు కాబట్టి, ఇద్దరం రెండు బండ్లు కొని రెండు అప్పులు నెత్తిన పెట్టుకోవడం కంటే ఒకే బండిని చెరిసగం పెట్టుబడితో కొనుక్కోవడం మేలని అనుకున్నాము.

షోరూమ్ ధర 80 వేల రూపాయలకు అటూ ఇటూ ఉన్న 100 సీసీ బండిని చూసి పెట్టుకున్నాము. ముందుగా కట్టవలసిన మొత్తాన్ని, నెలవారీ కంతులను సగం సగం భరించాలని ఒప్పుకున్నాము. అయితే అతనికి పాత అప్పు ఒకటి ఇంకా నడుస్తున్నందువల్ల ఫైనాన్సు వారు నా పేరు మీదనే రుణం ఇస్తామంటున్నారు. కళ్యాణదుర్గంలో ఉన్న మా నాన్నగారికి చెబితే, ఇద్దరి డబ్బు ఒక వస్తువులో పెడితే వస్తువూ మిగలదు, స్నేహమూ మిగలదు అని గట్టిగా వద్దన్నారు. ఆయన మాటను నేను తేలికగా తీసుకోవడం లేదు. అందుకే కొనడానికి ముందే ఇక్కడ అడుగుతున్నాను.

ఆర్‌సీలో ఇద్దరి పేర్లూ రాయించుకునే వీలుందా? లేకపోతే పేరు లేనివారి డబ్బుకు ఏమిటి భరోసా? అతను నడుపుతున్నప్పుడు ఏదైనా ప్రమాదం జరిగితే నేను ఎంతవరకు బాధ్యుడిని అవుతాను? ఇంకొక సంగతి కూడా ఉంది. వచ్చే ఏడాదిలోపు అతనికి ఉరవకొండలో పెళ్లి సంబంధం ఖాయమయ్యేలా ఉంది. అప్పుడు అతను గది ఖాళీ చేస్తే బండి లెక్క ఎలా తేల్చుకోవాలో తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం: న్యాయవాది, అనంతపురం

మోటారు ప్రమాదాల కేసులు ఎక్కువగా చూస్తుంటాను కాబట్టి మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మీకు అసలు ప్రమాదం ఉన్నది అక్కడే.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 2(30) సెక్షన్ ప్రకారం, వాహనం ఎవరి పేరున రిజిస్టరై ఉంటే వారే యజమాని. సగం డబ్బు ఎవరు పెట్టారు, ఆ రాత్రి ఎవరు నడిపారు అన్నవి ఈ నిర్వచనంలోకి రావు. బండిని అమ్మేసి, చేతులు మారి, ఆర్‌సీలో మాత్రం పాత పేరే మిగిలిపోయిన ఒక కేసులో కూడా ఆ పేరున్న వ్యక్తే యజమాని అని, పరిహారం బాధ్యత అతనిదేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు ఇచ్చింది. అమ్మేసినవారికే విముక్తి లేనప్పుడు, సగం వాటా ఉంచుకున్న మీకు ఉండదు. మీ స్నేహితుడు బండి నడుపుతూ ఎవరినైనా గాయపరిస్తే ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ నోటీసు అతనితో పాటు మీకు, బీమా కంపెనీకి వస్తుంది. బీమా అమలులో ఉండి, నడిపినవారికి సరైన లైసెన్సు ఉంటే పరిహారం కంపెనీ భరిస్తుంది. లైసెన్సు లేకపోతే కోర్టులు తరచుగా ముందు బాధితులకు కంపెనీ చేత చెల్లింపజేసి, ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకోమని కంపెనీకి అనుమతి ఇస్తాయి. అప్పుడు లక్షల రూపాయల బాకీ మీ పేరున నిలబడుతుంది.

కాబట్టి మొట్టమొదట మీ స్నేహితుని లైసెన్సు చూడండి. మాట అడిగి ఊరుకోవడం కాదు, కార్డు చేతిలోకి తీసుకొని గడువు తేదీ చూడండి. లైసెన్సు లేనివారికి బండి అప్పగించిన యజమానికి 180 సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఇద్దరి పేర్ల విషయానికి వస్తే, రిజిస్ట్రేషన్ దరఖాస్తు అయిన ఫారం 20 ఒక యజమానిని ఉద్దేశించి తయారైనది. ఆచరణలో ఇద్దరు వ్యక్తుల పేర్లతో ఆర్‌సీ తెచ్చుకోవడం మీ వల్ల కాదు. భాగస్వామ్య సంస్థ పేరున తీసుకోవచ్చు గానీ ఒక 100 సీసీ బండి కోసం సంస్థను పెట్టడం అనవసరమైన ప్రయాస. అందువల్ల రుణం ఎవరి పేరున ఉంటే ఆర్‌సీ కూడా వారి పేరునే ఉండనివ్వండి. అంటే అది మీ పేరే.

అయితే ఆర్‌సీలో పేరు లేనంత మాత్రాన మీ స్నేహితునికి హక్కు లేదని అనుకోకండి. ప్రభుత్వానికి, బీమా కంపెనీకి, బాధితులకు మీరొక్కరే యజమాని. మీ ఇద్దరి మధ్య మాత్రం ఎవరు ఎంత పెట్టారో అదే లెక్క. ఆ లెక్కను నిరూపించే కాగితం అతని దగ్గర ఉందా లేదా అన్నదే ప్రశ్న. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకొని, ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయించి, తలా ఒక ప్రతి ఉంచుకోండి. అతను తన వాటా ఏనాడూ నగదుగా ఇవ్వకూడదు. ప్రతి నెలా ఫోన్ ద్వారా పంపుతూ, ఏ నెల కంతు అన్నది ఆ చెల్లింపులోనే రాయాలి. మూడేళ్ల తరువాత గొడవ వచ్చి మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది నోటి మాటలే మోసుకొస్తారు. ఇద్దరూ నిజాయితీపరులే అయినా ఇద్దరి జ్ఞాపకాలు కలవవు.

ఒప్పందంలో ఖర్చుల కంటే ముందు బాధ్యతలు రాయండి. చలానాలు ఆర్‌సీలో ఉన్న పేరు మీదనే పడతాయి కాబట్టి ఆ తేదీన, ఆ వేళకు బండి ఎవరి దగ్గర ఉంటే వారే కట్టాలని రాసుకోండి. బండిని మూడో మనిషికి ఇవ్వకూడదని స్పష్టంగా రాసుకోండి. ఈ ఒక్క మాట చాలామంది మరిచిపోతారు, ప్రమాదం జరిగేది ఎక్కువగా ఆ మూడో మనిషి చేతిలోనే. ఏదైనా కేసులో పోలీసులు బండిని స్వాధీనం చేసుకుంటే విడిపించుకోవడానికి కోర్టుకు రావలసింది ఆర్‌సీలో పేరున్న మీరే. ఆ రోజు బండి ఎవరు నడిపారో చెప్పమని అధికారులు అడిగితే 133 సెక్షన్ కింద సమాచారం ఇవ్వవలసిన బాధ్యత కూడా మీదే.

రెండో సమాధానం: బీమా ఏజెంటు, కర్నూలు

న్యాయవాదిగారు థర్డ్ పార్టీ బాధ్యత, అంటే మన బండి వల్ల నష్టపోయే బయటివారి పట్ల ఉండే బాధ్యత గురించి చెప్పారు. బండి నడిపే మనిషికే ఏమైనా జరిగితే ఏమిటన్నది నేను చెబుతాను, తమ్ముడూ. ఈ విషయంలో మీ ఇద్దరి పరిస్థితి ఒకటి కాదు.

పాలసీతో పాటు తీసుకునే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా యజమాని, అదే మనిషి నడిపేవాడు అయినప్పుడు వర్తిస్తుంది. అంటే అది మీకు ఉంటుంది, సగం డబ్బు పెట్టిన మీ స్నేహితునికి ఉండదు. వేరొకరి బండిని తీసుకొని నడిపే వ్యక్తి ఆ యజమాని స్థానంలో ఉన్నట్టే గానీ మూడో పక్షం కాదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. కనుక అతను ఒంటరిగా అదుపు తప్పి పడిపోతే, అతని కుటుంబం ఆ బండి బీమా కంపెనీ నుంచి థర్డ్ పార్టీ పరిహారం కోరడానికి వీలుండదు. అతను రాత్రి షిఫ్టుకు వెళ్లే మనిషి అన్నారు కాబట్టి ఈ మాట మరింత నొక్కి చెబుతున్నాను. అతని పేరున విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోండి, దాని ప్రీమియాన్ని బండి ఖర్చులో భాగంగానే లెక్కించి ఇద్దరూ పంచుకోండి. దానితో పాటు బ్యాంకు ఖాతా ద్వారా ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరితే ఏడాదికి 20 రూపాయలకే 2 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. దీనికి ఏ సాకూ చెప్పనవసరం లేదు, రేపే చేరమనండి.

కొత్త ద్విచక్ర వాహనాలకు 2018 సెప్టెంబరు నుంచి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. షోరూమ్‌లో అయిదేళ్ల బీమా అని చెప్పగానే అన్నీ అయిదేళ్లూ ఉంటాయని కొనేవారు అనుకుంటారు. సాధారణంగా షోరూమ్‌లో ఇచ్చే పాలసీలో బండి సొంత నష్టానికి, దొంగతనానికి ఉన్న బీమా మొదటి ఏడాదితోనే ముగుస్తుంది. తరువాత ప్రతి ఏటా దాన్ని విడిగా పొడిగించుకోవాలి. ఒక్కరి బండి అయితే ఆ ఒక్కరే గుర్తుపెట్టుకుంటారు. ఇద్దరి బండి అయితే రెండోవాడు కట్టి ఉంటాడులే అని ఇద్దరూ వదిలేస్తారు.

దొంగతనం మాట వచ్చింది కాబట్టి బీగాల (తాళంచెవుల) సంగతి కూడా చెప్పాలి. బండి పోయిందని క్లెయిము పెడితే కంపెనీ వారు మొదట అడిగేది రెండు అసలు బీగాలూ చూపించమనే. మీ ఇద్దరి దగ్గర తలా ఒకటి ఉంటుంది కాబట్టి, ఎవరైనా ఒకటి పోగొట్టుకుంటే దాచకుండా ఆ రోజే రెండోవారికి చెప్పి, పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాయించి, ఆ కాగితం ఉంచుకోవాలి.

మూడో సమాధానం: ఉపాధ్యాయురాలు, కడప

మీది స్నేహితుల సంగతి, నాది భార్యాభర్తల సంగతి. అయినా ఆర్‌సీలో ఒక్క పేరే ఉండటం వల్ల వచ్చే చిక్కు రెండు చోట్లా ఒకటే కాబట్టి రాస్తున్నాను.

మా ఇంటి బండిని నా జీతంతోనే కొన్నాము. మగవారి పేరున ఉంటే బాగుంటుందని పెద్దలు అనడంతో మావారి పేరున రిజిస్టరు చేయించాము. ఆ తరువాత మావారు, మా జిల్లాలో ఎన్నో కుటుంబాలలో జరిగినట్టే, పనికోసం కువైట్ వెళ్లారు. నేను రోజూ బడికి తీసుకువెళ్లే బండి అది, దాన్ని మార్చి కొత్తది తీసుకోవాలనుకున్నప్పుడు అమ్మే హక్కు నాకు లేదని తెలిసింది. బదిలీ కాగితాలైన ఫారం 29, ఫారం 30 మీద సంతకం చేయవలసింది మావారే. ఫోన్‌కు వచ్చే ఓటీపీ కూడా ఇక్కడ వాడకంలో లేని ఆయన పాత నంబరుకే వెళ్తోంది. సెలవుకు వస్తున్న బంధువు ఒకరి చేత కాగితాలు తెప్పించుకొనేదాకా ఆ పని ఆగిపోయింది. ఆయనకు నా మీద, నాకు ఆయన మీద ఏ అనుమానమూ లేదు. అయినా ఇంత ఇబ్బంది పడ్డాము.

అంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఏజెంటుగారు పైన చెప్పిన విషయమే. రోజూ నడిపేది నేను, 15 లక్షల బీమా ఉన్నది ఊళ్లో లేని మనిషికి. కాబట్టి భార్యాభర్తలు ఎవరైనా చదువుతుంటే ఒక మాట చెబుతాను. డబ్బు ఎవరిదైనా, బండిని రోజూ నడిపేవారు, ఊళ్లో స్థిరంగా ఉండేవారు ఎవరో వారి పేరునే ఆర్‌సీ ఉండాలి. రెండోవారి పేరును నామినీగా నమోదు చేయించుకోవాలి. ఆర్‌సీలో నామినీ పేరు చేర్చే అవకాశాన్ని 2021లో నిబంధనలు సవరించి కల్పించారు, కానీ షోరూమ్‌లో మనం అడిగితే తప్ప ఎవరూ గుర్తు చేయరు. నామినీ లేకపోయినా యజమాని మరణిస్తే వారసులు 30 రోజులలోపు సమాచారం ఇచ్చి, మూడు నెలలలోపు ఫారం 31తో దరఖాస్తు చేసి బండిని తమ పేరుకు మార్చించుకోవచ్చు. ఆ దుఃఖంలో ఈ గడువులు ఎవరికి గుర్తుంటాయి?

స్నేహితుల విషయంలో ఇది ఇంకా కష్టం. మీకు ఏమైనా అయితే బండి మీ అమ్మానాన్నల చేతికి వెళ్తుంది. దానిలో సగం వేరొకరిదని వారికి తెలియకపోతే, పుట్టెడు దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లి ఆ అబ్బాయి తన డబ్బు ఎలా అడుగుతాడు? అందుకే ఒప్పందానికి ఒక సాక్షిగా మీ నాన్నగారినే పెట్టండి. ఆయన వద్దన్నారు కాబట్టే ఆయనకు చూపించి రాసుకోవాలని నా అభిప్రాయం.

నాలుగో సమాధానం: ప్రైవేటు ఉద్యోగి, గుంతకల్లు

నేను సహోద్యోగితో కలిసి చాలాకాలం ఒకే బండి వాడాను. మాకు పెద్ద విషయాలలో తగాదా రాలేదు, పెట్రోలు దగ్గర వచ్చింది. ఎవరు వాడిన పెట్రోలు వారే పోయించుకోవాలని అనుకున్నా, రిజర్వుకు వచ్చిన బండిని తెల్లవారుజామున అప్పగిస్తే బంకు దాకా తోసుకుంటూ వెళ్లేవాడికి కోపం రాక మానదు. తరువాత ఒక పద్ధతి పెట్టుకున్నాము. బండి అప్పగించేటప్పుడు మీటరు, పెట్రోలు ముల్లు రెండూ కనబడేలా ఒక ఫొటో తీసి రెండోవారికి పంపాలి. నెలాఖరుకు ఆ ఫొటోలను బట్టి ఎవరు ఎన్ని కిలోమీటర్లు తిరిగారో తేలిపోతుంది. ఇంజన్ ఆయిలు, బ్రేకు షూలు, టైర్లు, చైను స్ప్రాకెట్ ఖర్చును సగం సగం కాకుండా ఆ కిలోమీటర్ల నిష్పత్తిలో పంచుకున్నాము. బీమాకు తిరుగుడుతో సంబంధం లేదు కాబట్టి అది మాత్రం సమానం. అద్దానికి పగులో ట్యాంకుకు సొట్టో పడితే ఆ ఫొటోలలోనే ఏ రోజు పడిందో కూడా కనబడేది.

అయినా మీకు నా సలహా వేరు. చెరిసగం వద్దు. బండి మొత్తం మీరే కొనుక్కొని, అతను వాడుకున్నందుకు నెలకు ఇంత అని అద్దె తీసుకోండి. అతను పెళ్లి చేసుకొని వెళ్లిపోయిన రోజు లెక్క తేల్చవలసిన అవసరమే ఉండదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. లైసెన్సు చూశాను, గడువు చాలా ఉంది. అక్కగారు చెప్పినట్టు నాన్నగారిని సాక్షిగా ఉండమని అడుగుతాను. గుంతకల్లు అన్నగారు చెప్పిన అద్దె పద్ధతి నా స్నేహితునికి కూడా నచ్చింది. న్యాయవాదిగారు దీనిపై ఏమంటారు? సగం వాటా పద్ధతిలోనే వెళ్తే, కంతులు ఇంకా మిగిలి ఉండగా అతను వెళ్లిపోతే వాటా విలువ ఎలా కట్టాలి?

న్యాయవాది, అనంతపురం

అద్దె పద్ధతి వద్దు. మీది సొంత వాడకానికి రిజిస్టరైన బండి, దాని బీమా కూడా సొంత వాడకానికే. డబ్బు తీసుకొని ఇతరులకు అద్దెకు ఇస్తే బీమా వర్తించదని పాలసీలోనే షరతు ఉంటుంది. ప్రమాదం జరిగిన రోజున నెలనెలా అద్దె అని రాసి ఉన్న చెల్లింపులు బయటపడితే కంపెనీ చేతికి మీరే ఆయుధం ఇచ్చినవారవుతారు. గుంతకల్లు మిత్రులు చెప్పిన ఫొటోల పద్ధతి మాత్రం చాలా మంచిది, దాన్ని ఒప్పందంలో ఒక షరతుగా చేర్చండి.

వాటా విలువకు బజారులో ఎవరో చెప్పిన ధర కాకుండా, ఇద్దరికీ ముందే తెలిసిన ఒక కొలమానం ఉండాలి. బీమాలో వాడే ఐడీవీ (బీమా కోసం లెక్కగట్టే బండి విలువ) తరుగు అందుకు పనికి వస్తుంది. షోరూమ్ ధర మీద ఆరు నెలలు దాటి ఏడాది వరకు 15 శాతం, రెండేళ్ల వరకు 20 శాతం, మూడేళ్ల వరకు 30 శాతం తగ్గిస్తారు. అతను రెండో ఏడాదిలో వెళ్లిపోతే 80 వేల బండి విలువ 64 వేలు. అందులోనుంచి ఆ రోజుకు ఫైనాన్సు వారికి కట్టవలసిన బాకీ తీసివేయండి. బాకీ 30 వేలు ఉందనుకుంటే మిగిలేది 34 వేలు, అందులో అతని సగం 17 వేలు. ఆ మొత్తం అతనికి ఇచ్చి, ఇక మిగతా కంతులన్నీ మీరే కట్టుకోవాలి. ఒక్కసారిగా ఇవ్వలేకపోతే ఎన్ని నెలలలో ఇస్తారో ఇప్పుడే రాసుకోండి.

ఒకవేళ బండిని అతనే ఉంచుకుంటానంటే, అప్పు తీరక ముందు పేరు మార్చడానికి ఫైనాన్సు వారి సమ్మతి కావాలి. సాధారణంగా వారు ముందు బాకీ మొత్తం కట్టమంటారు. అది కట్టి, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం)తో పాటు, ఫైనాన్సు ఒప్పందం ముగిసిందని తెలిపే ఫారం 35 తీసుకొని ఆర్‌సీలో వారి పేరు తొలగింపజేసి, ఫారం 29, 30లతో బదిలీ పూర్తి చేయాలి. బీమాను అతని పేరుకు మార్చమని బదిలీ అయిన 14 రోజులలోపు దరఖాస్తు చేసుకోవాలి. పేరు తరువాత మార్చుకుంటాడులే అని బీగాలు చేతిలో పెట్టి పంపించవద్దు. ఉరవకొండలో అతను నడిపే బండికి అనంతపురంలో మీరు జవాబుదారీగా ఉండిపోతారు. ఒప్పందం ముసాయిదా రాసుకున్న తరువాత పేర్లు, చిరునామాలు తీసివేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.